మా తొలి సముద్ర ప్రయాణం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్ర ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. బ్రహ్మంగారిమఠం వాడికి సముద్రంతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మనకు తెలిసిన సాగరమల్లా మన బ్రహ్మసాగరమే. తెలుగుగంగ పథకంలో కట్టిన ఆ జలాశయంలో 17 టి.ఎం.సి.లకు పైగా నీరు నిలుస్తుంది. నీటిపారుదల శాఖలో పనిచేసిన నాకు అదే పెద్ద నీరు. అంతకు మించిన నీటిని చూడాలన్న కోరిక మా ఇంటామెది.

33 ఏళ్ళ సర్వీసులో నాకు 11 బదిలీలు అయ్యాయి. ప్రతిసారీ సామాను సర్దింది ఆమె, పిల్లలను కొత్త బడిలో చేర్చింది ఆమె. ఫలానా చోటికి పోదామని ఒక్కనాడూ అడిగి ఎరుగదు. గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు, "ఒకసారి ఓడ ఎక్కాలని ఉంది" అన్నది. అబ్బాయి వద్దన్నాడు. నడిసముద్రంలో ఏమైనా అయితే ఎవరు దిక్కు అన్నాడు. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే రేపు అమ్మ వైద్యానికి పనికొస్తుంది కదా నాన్నా అని అమ్మాయి అన్నది. ఇద్దరి మాటలూ తోసిపుచ్చదగినవి కావు.

అందుకని మూడు నిర్ణయాలు చేసుకున్నాము. డాక్టరు గారు సరేనంటేనే పోవాలి. డిపాజిట్ల జోలికి పోకుండా, రెండేళ్ళు నెలనెలా రికరింగ్ డిపాజిట్ కట్టి, ఆ సొమ్ముతోనే పోవాలి. దూరదేశాలు వద్దు, మన తీరం వెంబడి మూడు రాత్రుల ప్రయాణం చాలు. పరీక్షలన్నీ చేసి డాక్టరు గారు అనుమతించారు. ఆ తర్వాత పిల్లలూ ఒప్పుకున్నారు.

విశాఖపట్నం నుంచి ఇటువంటి విహార నౌక 2022 జూన్‌లో మొదలైంది. 2023 సెప్టెంబరు 4న అక్కడ ఓడ ప్రయాణికుల కోసం కొత్త టెర్మినల్ కూడా ప్రారంభించారు. మేము 2025 జులైలో విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దిగాము. ఓడ పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్సులో కట్టారు. పొడవు 211 మీటర్లు. అందులో లిఫ్టులు, భోజనశాలలు, నాటకశాల, ఈతకొలను ఉన్నాయి. మా ఇంటామె చుట్టూ చూసి, "ఇది ఓడ కాదు, ప్రొద్దుటూరు బజారు" అన్నది.

ఎక్కగానే ముందు భద్రతా కసరత్తు ఉంటుంది. లైఫ్ జాకెట్ ఎట్లా తొడగాలో, ఎక్కడ గుమికూడాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ప్రమాద సూచన అని అర్థం. కొందరు దీనిని తమాషాగా తీసుకుంటారు. మన వయసు వాళ్ళు మాత్రం శ్రద్ధగా వినాలి.

ఓడ కదిలాక డాల్ఫిన్ నోస్ కొండ మెల్లగా వెనక్కు జరిగి, చివరకు గీతలాగా మిగిలి, మాయమైంది. నాలుగు దిక్కులా నీరే. మా ఇంటామె కమ్మీ పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దీనికి గట్టే లేదే!" అన్నది. గట్లు కట్టించడమే వృత్తిగా బతికిన నాకు ఆ మాటకు బదులు దొరకలేదు.

మన తెలుగువారికి ఓడ కొత్త కాదని ఆ రాత్రి గుర్తు చేసుకున్నాను. 1860లో మదరాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద పోయిన కూలీలు ఉన్నారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. ఉత్తర కోస్తా నుంచి ఎందరో రంగూన్ పోయి రేవుల్లో, మిల్లుల్లో చాకిరీ చేశారు. వాళ్ళు పొట్ట చేతబట్టుకుని ఓడ ఎక్కారు. మనం పొట్ట నిండిన తర్వాత ఎక్కుతున్నాము. భోజనశాలలో పళ్ళెం నిండా పెట్టుకుని సగం పారేసే వారిని చూసినప్పుడు ఈ సంగతే మనసులో మెదిలింది.

పుదుచ్చేరి వద్ద పెద్ద ఓడ ఒడ్డుకు పోదు. దూరాన లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని దించుతారు. ఊగే పడవలోకి అడుగు వేయడానికి మా మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఓడ మీదనే కూర్చుని ఊరిని చూశాము. మర్నాడు చెన్నైలో దిగి, రేణిగుంట మీదుగా రైల్లో కడప చేరాము.

ఇక పోదలచిన వారికి కొన్ని సూచనలు. మొదటిది, టికెట్ ధరతో లెక్క ముగియదు. పన్నులు, రేవు రుసుములు, సేవా రుసుము కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడగండి. మామూలు భోజనం టికెట్‌లోనే ఉంటుంది, శాకాహారానికి లోటు లేదు. ఓడలో విడిగా కొనే ప్రతిదీ మీ గది కార్డు లెక్కలో పడుతుంది. రెండవది, తల తిరిగే స్వభావం ఉన్నవారు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో గది అడగాలి. అక్కడ ఊపు తక్కువ. మాత్ర ఏదైనా డాక్టరును అడిగి ముందే వేసుకోవాలి. కళ్ళు దూరాన ఆకాశం, నీరు కలిసే గీత మీద నిలిపితే కొంత నెమ్మదిస్తుంది. మూడవది, మందులు రోజుల లెక్కకు మించి, చేతి సంచీలోనే ఉంచుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు గాని, మన ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందని నమ్ముకోవద్దు. ప్రయాణ బీమా తీసుకుని, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివించుకోండి. నాల్గవది, తీరం దాటాక సెల్‌ఫోన్ పలకదు. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పకపోతే వారు కంగారు పడతారు.

అందరూ ఓడ ఎక్కాలని నేను చెప్పడం లేదు. అప్పు చేసి మాత్రం అసలే వద్దు. అయితే మన ఇళ్ళల్లో మన సర్వీసుతో పాటు జీతం లేని సర్వీసు చేసినవారు ఒకరు ఉన్నారు. మనకు ఆర్డరు వస్తే వారికీ బదిలీయే. మనకు పదవీ విరమణ సభలో దండలు వేశారు, వారికి ఎవరూ వేయలేదు. నీకేం కావాలి అని వారిని అడగడానికి పెన్షను వచ్చేదాకా ఆగాము. ఇంకా ఆగితే కాలు ఆగుతుంది, లేదా కాలం ఆగుతుంది. వారి కోరిక కాశీ కావచ్చు, పుట్టింటి జాతర కావచ్చు. అడగడం మన వంతు.

జీవిత భాగస్వామిని పోగొట్టుకుని ఫ్యామిలీ పెన్షనుపై ఉన్న సోదరీమణులు ఒంటరిగా బయల్దేరడానికి జంకుతారు. సంఘం తరఫున పది పన్నెండు మంది కలిసి పోయే ఏర్పాటు జరిగితే బాగుంటుందని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. కాగితాలు నింపడంలో నా సాయం ఎప్పుడూ ఉంటుంది.