వెలికొండ మూలికలు: వెంటనే తెలియు విషము, తెలియని విషము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఉదయగిరి దుర్గము పేరు చెప్పగానే చరిత్ర చదివినవారికి 1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి ఆ కోటను జయించిన వృత్తాంతము స్ఫురించును. ఆ కొండ పాదమున పుట్టి పెరిగినవారికి స్ఫురించునది వేఱు. దుర్గము మీద దొరకని మూలిక లేదని వారి నమ్మకము. కడప సీమకు అడ్డుగోడవలె నిలిచిన వెలికొండలలో గొఱ్ఱెలు కాచుకొనువారును, ఆత్మకూరు వీధిలో గోనెపట్ట పఱచి వేళ్లు అమ్ముకొనువారును, పెరటి ఆకుతో బిడ్డల దగ్గు మాన్పు ముసలమ్మలును తరతరములుగా ఆ నమ్మకము మీదనే నడచుచున్నారు.

అది వట్టి మూఢత్వమని త్రోసివేయుటకు వీలు లేదు. సర్పగంధ సంగతి చూడుడు. ఆ వేరు రక్తపుపోటును తగ్గించు విధమును బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు 1949లో ఇంగ్లండులోని హృద్రోగ పత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండువారు దాని నుండి రెసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. పల్లెవైద్యుని సంచిలోని వేరు ప్రపంచపు ఆసుపత్రుల కెక్కెను. ఎక్కిన తరువాత ఇంకొక సంగతియు బయటపడెను. ఎక్కువ మోతాదున చాలకాలము పుచ్చుకొన్నవారిలో కొందఱిని తీవ్రమైన మనోవిషాదము ఆవరించినదని వైద్యులు వ్రాసిరి. పద్దు వ్రాసిన చోట మేలును కీడును రెండును లెక్కకు వచ్చును. వ్రాయని చోట మేలు మాత్రమే కథగా నిలుచును; కీడు పొందినవాడు కథ చెప్పుటకు మిగులడు.

చెట్టున కసలు విషమెందుకు? మేక వచ్చిన పరుగెత్తుటకు దానికి కాళ్లు లేవు, పురుగు పట్టిన దులుపుకొనుటకు చేతులు లేవు. కావున ఆకులోను గింజలోను చేదును విషమును కూర్చుకొని తన్ను తాను కాపాడుకొనుచున్నది. గన్నేరు, ఉమ్మెత్త, ముష్టి, గురివింద అన్నియు ఆ కోవలోనివే. మనుష్యుడు ఔషధమని పిలుచునది పెక్కుమార్లు ఆ విషమే. ఉమ్మెత్తజాతి మొక్కలలోని అట్రోపిన్ పురుగుమందు త్రాగినవానిని బ్రతికించుటకు ఆసుపత్రిలో సూదిమందుగా ఎక్కింతురు. బడి నుండి వచ్చుచు ఉమ్మెత్తకాయ చిదిపి గింజలు నమలిన పిల్లవానికి మతి చలించి ప్రాణము మీదికి వచ్చుటయు దాని వలననే. కంసాలి తూకమునకు వాడిన గురివిందయు అట్టిదే. పైపొట్టు గట్టిది గనుక నమలక మ్రింగిన గింజ అట్లే బయటపడవచ్చును. పూసలు గ్రుచ్చుటకు బెజ్జము వేసిన గింజ మాత్రము మహాప్రమాదము. పిల్లల మెడలో గురివింద పూసలు వేయువారు ఈ సంగతి ఎఱుగరు.

పూర్వవైద్యులు ఇట్టి విషములను బాగుగా ఎఱిగినవారు. గురివిందను, ముష్టిగింజను ఆవుపాలలో ఉడికించి శుద్ధి చేయుట వారు ఏర్పఱచిన పద్ధతి. అందు యుక్తి కలదు. గురివింద విషము మాంసకృత్తుల జాతికి చెందినది, వేడికి చెడిపోవును. 1940 నాటి ఔషధ శాసనము క్రింది నియమములలో కూడ ఇట్టి ద్రవ్యములకు ఒక పట్టిక కలదు. అవి చేరిన మందు సీసాపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని ముద్రింపవలయును.

ఇంత ఎఱిగిన పెద్దలకు తెలియనిది ఏమున్నదని అడుగవచ్చును. అసలు చిక్కు అక్కడనే ఉన్నది. గన్నేరువేరు తిన్నవాడు ఆ పూటనే పడిపోవును. కారణమును కార్యమును ఒక్క పగటిలో కంటికి కనబడును. ఈ పూట త్రాగిన కషాయము పది యేండ్లకు మూత్రపిండమును పాడుచేసినచో ఆ రెంటికిని ముడి వేయగల కన్ను ఏ వైద్యునికి ఉండును?

ఈశ్వరి తీగ అట్టిది. శాస్త్రజ్ఞులు దానిని అరిస్టోలోకియా ఇండికా అందురు. నల్లరేగడి చేలలో ప్రాకు గాడిదగడపాకు దాని దాయాది. ఈశ్వరి వేరును పాముకాటునకు, గాడిదగడపాకును నులిపురుగులకు, చర్మరోగములకు వాడుట పల్లెలలో నున్నదే. ఈ జాతిలో అరిస్టోలోకిక్ ఆమ్లమను పదార్థము కలదు. కషాయము కాచినంత మాత్రమున అది పోదు. ఎఱ్ఱని పొట్టగల ఒక జాతి సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఈ ఆకునే తిని ఆ విషమును ఒంట దాచుకొనును. అందుచేత పక్షులు వానిని ముట్టవు. పక్షి నేర్చిన పాఠము మనుష్యునికి చాల ఆలస్యముగా అబ్బినది.

అబ్బిన తీరు వినదగినది. బెల్జియము దేశపు బ్రస్సెల్సు నగరమున ఒక వైద్యశాలలో స్థూలకాయము తగ్గుటకై స్త్రీలకు చీనా మూలికల గుళికలిచ్చిరి. కొలదికాలములో పడుచు స్త్రీలకు మూత్రపిండములు చెడసాగెను. 1993లో వైద్యులు ఆ సంగతి ప్రకటించిరి. తుదకు లెక్క నూఱు మందిని దాటినది. విచారింపగా, చీనాభాషలో ఒకే తీరు పేరుగల రెండు మూలికలలో ఒకదానికి బదులు ఈశ్వరిజాతి వేరు వచ్చి పడినదని తేలెను. మూత్రపిండములు పూర్తిగా చెడి, ముందుజాగ్రత్తకై వానిని తీయించుకొన్న 39 మందిలో 18 మందికి మూత్రమార్గమున పుట్టకురుపు కనబడినదని 2000లో ప్రకటించిరి. డాన్యూబునది ప్రాంతపు పల్లెలలో గోధుమచేలలో మొలచిన ఆ జాతి కలుపుమొక్క గింజలు పిండిలో కలిసి తరతరములుగా రైతుల మూత్రపిండములను తినివేసినవని కూడ తరువాత రుజువు దొరకెను. 2002లో ఈ జాతి మొక్కలు చేరిన మందులను పుట్టకురుపు కలిగించునవిగా అంతర్జాతీయ సంస్థ నిర్ధారించెను.

పాముకాటు మాట వచ్చినది గనుక దాచక చెప్పవలయును. కఱచిన పాములలో ఎక్కువ భాగము విషము లేనివి. విషపుపాము కఱచినను ప్రతిసారియు విషము దింపదు. అట్టివానికి ఈశ్వరివేరు అరగదీసి పోసినను బ్రతుకును, మంచినీళ్లు పోసినను బ్రతుకును. కీర్తి మాత్రము వేరుకు దక్కును. నిజముగా కట్లపామో రక్తపింజరో కఱచి విషమెక్కినవానికి విషహరపు సూదిమందు తప్ప మార్గము లేదు. ఉదయగిరి కొండపల్లెలలో వేరు అరగదీయు ఆ గంటయే ఆత్మకూరు ఆసుపత్రికి చేరవలసిన గంట.

ఈ జిల్లాలోనే ముత్తుకూరు మండలము కృష్ణపట్నమున 2021 మే మాసములో జరిగినది అందఱకు జ్ఞాపకమే. కోవిడు భయమున వేలాది జనము బొణిగి ఆనందయ్యగారి మూలికామందునకై బారులు తీరిరి. పంపిణీ నిలిపి ప్రభుత్వము ఆ మందును పరిశీలింపజేసెను. నోట పుచ్చుకొనువానిలో పరిశీలించిన వానికి మే 31న అనుమతి ఇచ్చెను, కంటిచుక్కలకు ఇయ్యలేదు. హాని కనబడలేదనుట ఒకటి, రోగము కుదురుననుట మఱియొకటి. నివేదికలో మొదటిదే గాని రెండవది లేదు. ఆనాడు ఆ రెంటికిని భేదము పాటించినవారు తక్కువ. పక్కన పడక దొరకక ప్రాణము కొట్టుకొనుచున్నవానికి ఆ భేదము చెప్పుట కష్టమే.

ఇక పేర్ల సంగతి. గొఱ్ఱెలకాపరులు, అడవివారు మూలికలను నామరూపములతో ఎఱుగుదురని, ఆ మాత్రమున ప్రయోగము తెలిసినట్లు కాదని చరకుడు సూత్రస్థానపు మొదటి అధ్యాయముననే హెచ్చరించెను. నేడు ఆ నామరూపములైనను నిలుచునా అన్నది సందేహము. అంగడిలో మూలిక పొడియై వచ్చుచున్నది. పొడికి ఆకు లేదు, పూవు లేదు. మూత్రపిండములకు మంచిదని పల్లెపల్లెన అడుగు గలిజేరునే చూడుడు. అటికమామిడిని గలిజేరనువారు కలరు. వానకాలమున చేలగట్లపై దట్టముగా ప్రాకు వేఱొక మొక్కను గలిజేరనువారును కలరు. రెంటినీ పునర్నవ యని అమ్ముదురు. బ్రస్సెల్సులో జరిగిన పొరపాటు ఇట్టిదే.

గాంబుల్ దొర ఆరంభింపగా 1915 మొదలు 1936 వఱకు వెలువడిన మద్రాసు రాజధాని వృక్షగ్రంథములో ఈ జిల్లా మొక్కలును చేరినవి. అది ఇంగ్లీషున నున్నది. ఆకు చేతబట్టుకొని వచ్చినవానికి పనికిరాదు. పూవు, ఆకు, వేరు మూడును చేరిన కొమ్మను వార్తాపత్రికల నడుమ అణచి ఆరబెట్టి, మందపు కాగితమునకు కుట్టి, దొరకిన చోటు, తేది, ఊరివారు పిలుచు పేరు, వాడుక, శాస్త్రనామము వ్రాసి బీరువాలో పెట్టుటకు పెద్ద ఖర్చు లేదు. తిరుపతి విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులకు చూపి పేరు సరిచూచుకొనవచ్చును. ఆ పని ఈ గ్రంథాలయమున మొదలైననాడు గలిజేరు అను పేరు క్రింద రెండు కాగితములు పెట్టవలసి వచ్చును. ఈశ్వరి కాగితముపై వాడుక అని వ్రాసిన చోట, ఎఱ్ఱసిరాతో ఇంకొక పంక్తి చేర్చవలసి వచ్చును.