తేదీల తికమక



రైల్వే ఆఫీసులో కలము పట్టిన మాబోటి గుమాస్తాలకు తేదీయే ప్రాణము. టిక్కెట్టుపై తేదీ తప్పినచో ప్రయాణమే తప్పును.

మనము 5-6 అని వ్రాసినచో జూన్ 5. అమెరికావారికి అదే మే 6. అక్కడనున్న మన అబ్బాయి ఆ వాడుకపడి ‘5-6న దిగుచున్నాను’ అని వ్రాసినచో, ఇక్కడి తల్లిదండ్రులు నెల దాటిన పిదప స్టేషనుకు పోవుదురు! 13 మొదలు పై తేదీలకు ఈ చిక్కు లేదు. 13వ నెల లేదు గదా! అయినను ఏటేటా ఇట్లు రెండర్థములిచ్చు తేదీలు 132.

చైనా, జపాను, హంగేరీలలో ముందు సంవత్సరము, పిదప నెల, ఆపైన రోజు వ్రాయుదురు. 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణమును ఈ వరుసనే నిర్ణయించినది. మనకిది క్రొత్త కాదు. సంకల్పమున పురోహితుడు సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి అని పెద్దదాని నుండి చిన్నదానికే వచ్చును.

లోకమంతయు ఒక వరుసకు వచ్చువరకు మా మనవి ఒక్కటే. దూరదేశముల బిడ్డలకు వ్రాయునపుడు నెలను అంకెతో గాక పేరుతో వ్రాయుడు. వారిచేతను అట్లే వ్రాయించుడు. ‘జూన్ 5’ అన్నచో ఏ దేశమునను సందేహముండదు.