కుక్క కాటు – కాగితం మీద ఉన్నది, ఊళ్లో జరుగుతున్నది
(బోయినపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో కుక్కలను చంపించిన ఖర్చుల బిల్లులు నా టేబులు మీదుగానే పోయేవి. మందుకు ఇంత, కూలికి ఇంత అని రాసి సంతకానికి పెట్టేవాణ్ణి. మరుసటి ఏడాది మళ్లీ అదే బిల్లు. ఒక్క ఏడాదీ అంకె తగ్గలేదు. ఖాళీ అయిన వాడకట్టులోకి పక్క ఊరి కుక్కలు వచ్చి చేరేవి. "పంచాయతీలో తీర్మానం చేసి మందు పెట్టించండి" అని మనలో కొందరు అంటున్నారు కనుక ఈ సంగతి మనవి చేస్తున్నాను.

ఆ తీర్మానం ఇప్పుడు చెల్లదు. 2001 నాటి నిబంధనల స్థానంలో 2023 మార్చిలో కేంద్రం కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. వీధి కుక్కలకు ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టిన చోటనే వదలడం స్థానిక సంస్థ పని. పిచ్చిదన్న అనుమానం ఉంటే విడిగా ఉంచాలి. పిచ్చివాటిని, మీదపడి కరిచేవాటిని తిరిగి వదలవద్దని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడే వదలరాదని నవంబరులో ఆదేశించింది. విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. పెంపుడు కుక్కను అదుపులో పెట్టని యజమానికి 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రెండోది మన ఇళ్లకే తగులుతుంది సుమా!

నా చిన్నతనంలో మా వాడకట్టు పిల్లవాణ్ణి కుక్క కరిచింది. బొడ్డు చుట్టూ 14 సూదులంటే ఇంట్లోవాళ్లు భయపడి, పసరు పోయించి, గాయానికి కారం అద్ది ఊరుకున్నారు. రెండు నెలలకు వాడు నీళ్ల చెంబును చూసి కేకలు పెట్టాడు. మూడో నాడు పోయాడు. నాకంటే ఏడాది చిన్నవాడు.

ఆ పాత మందు మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు సూది చేతికే. మొదటిది వేసిన రోజును సున్నాగా లెక్కించి 3, 7, 28 రోజులకు మిగతావి వేస్తారు. ప్రభుత్వ దవాఖానలో ఉచితం. ముందుగా సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పూయవద్దు. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. చిన్న దవాఖానలో లేదంటే తిరిగి ఇంటికి రాకుండా పెద్దాసుపత్రికి పోవాలి. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి. దాని కోసమని టీకా మాత్రం ఆపరాదు. కోతి కరిచినా డాక్టరుకు చూపించవలసిందే.

ఒక్క ఊరితో ఆపరేషన్ల కేంద్రం కాదు. మండలంలోని పంచాయతీలన్నీ కలిసి అడగాలి. అర్జీ ముసాయిదా రాసి తెచ్చాను. సభ ముగిశాక సంతకాలు పెట్టండి. ఇచ్చేటప్పుడు రశీదు తీసుకునే పని నాకు వదిలేయండి.