కోతకు ముందు లెక్క ఉంటుంది



ఏడాది పొడవునా వచ్చిన పరిశోధనలను సమీక్షించడం ఈ అధ్యక్ష కుర్చీకి ఆనవాయితీ. ఆ పని కార్యదర్శి గారి నివేదిక నాకంటే బాగా చేసింది. కాబట్టి పొదుపు చర్యలు, అసమానతలు, ప్రజాస్వామ్యం అని మీరిచ్చిన అంశాన్ని నాకు తెలిసిన దారినే తీసుకెళ్తాను. ‘మళ్లీ పంపుసెట్ల దగ్గరికే వస్తాడు’ అని వెనక వరసలో నవ్వుకుంటున్నారు. వస్తాను. నలభై ఏళ్లుగా అక్కడికే వస్తున్నాను.

పొదుపు విధానాల మీద విమర్శకు ఇవాళ కొరత లేదు. మార్క్ బ్లైత్ 2013లో రాశారు. క్లారా మాటెయి 2022లో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి బ్రిటన్, ఇటలీల దాకా వెళ్లి, కార్మికులను అదుపులో పెట్టడానికే ఆ కోతలు పుట్టాయని వాదించారు. 2022-23లో మన దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం చేతిలో ఉందని పికెటీ బృందం 2024లో లెక్కగట్టింది. ఇవి మీకు కంఠతా వచ్చు. మన పత్రాలు ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తున్నాయి, నా తగాదా అదే. కోత పడ్డాక ఏమైందో రాస్తున్నాం. కోతకు ముందు ఒక లెక్క ఉంటుంది. అది ఎవరు వేశారు, దాన్ని నిలదీసే వీలు ఎవరికుంది అన్నది మాత్రం రాయడం లేదు.

ఉదాహరణకు, అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి కుంటుపడుతుందని 2010లో ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ అన్నారు. పింఛన్లు, ఆస్పత్రుల ఖర్చు కోయదలచిన వాళ్లకు ఆ అంకె దేవుడిచ్చిన వరమైంది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వాళ్ల ఎక్సెల్ షీటు తెప్పించుకుని చూశాడు. సగటు తీసేటప్పుడు ఐదు దేశాల వరసలు జారిపోయాయి. మరికొన్ని లోపాలూ బయటపడ్డాయి. అధ్యాపకులతో కలిసి సరిచేస్తే మైనస్ 0.1 అన్న సగటు వృద్ధి 2.2 శాతంగా తేలింది. అప్పటికి కోయాల్సినవన్నీ కోసేశారు. 2015 జూలై 5న గ్రీసు ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో 61 శాతం మంది రుణదాతల షరతులు వద్దన్నారు. పది రోజులు తిరక్కుండానే వాళ్ల ప్రభుత్వం అంతకంటే కఠినమైన షరతులకు తలవంచింది. ఓటు మాత్రం ఉండి లెక్క చేతిలో లేకపోతే జరిగేది ఇదే.

మన దగ్గరా ఇలాంటి షీటు ఒకటుంది. దాన్ని ‘వ్యవసాయ వినియోగం – అంచనా’ అంటారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో విద్యుత్ బోర్డు విభజన, ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 21 కోట్ల డాలర్ల రుణం, 2000 మేలో చార్జీల పెంపు, ఆ పెంపును నిరసించినవారి మీద ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు, ముగ్గురి మరణం – ఇవన్నీ మీకు తెలిసినవే. మనవాళ్లు తక్కువ రాసింది దాని వెనకున్న గణితం గురించి. పంపుసెట్లకు మీటర్లుండేవి కావు. కొన్న కరెంటులోంచి మీటరు మీద అమ్మినది తీసేస్తే మిగిలినదాన్ని రైతుకూ నష్టాలకూ పంచాలి. ఆ పంపకం కలం పట్టినవాడి చేతిలో ఉండేది. ఏళ్ల తరబడి లైన్ల నష్టం, పట్నాల్లో జరిగే చౌర్యం కూడా రైతు ఖాతాలోకి చేరాయి. సంస్కరణల వేళ మళ్లీ అంచనా వేస్తే రైతు వాటా తగ్గింది, నష్టాల వాటా పెరిగింది. కరెంటు మాత్రం అదే. అప్పటికే ‘రైతు సబ్సిడీ రాష్ట్రాన్ని ముంచుతోంది’ అన్న వాక్యం పత్రికల్లోనే కాదు, మన పాఠ్యపుస్తకాల్లోనూ స్థిరపడిపోయింది.

విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణల తొలి ఏళ్లలో నేను చూసింది ఒకటి చెబుతాను. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, ఆ రీడింగుల నుంచి హార్స్‌పవర్‌కు ఇంత అని సగటు తీసి, దాంతో మొత్తం కనెక్షన్లను హెచ్చిస్తామని ఒక అధికారి తెర మీద చూపిస్తున్నారు. తలపాగా తీసి భుజాన వేసుకుని ఒక రైతు లేచాడు. “అయ్యా, మా ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయి నిండు వేసవిలో పదిహేను రోజులు చేలు ఎండినయి. చందాలేసుకుని, ట్రాక్టర్లో మేమే మోసుకుపోయి బాగుచేయించుకున్నాం. ఆ పదిహేను రోజులకు నా పేరున ఎన్ని యూనిట్లు రాశారు?” అన్నాడు. “అది సగటండీ, ఒక్కొక్కదానికీ చూడలేం” అన్నారు అధికారి. “అయితే నా ఎండిన చేను మీ సగటులో తడిసిందన్నమాట” అని కూర్చున్నాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని సెమినార్లు జరిగినా అంత సూటి ప్రశ్న నేనెక్కడా వినలేదు.

2004 మేలో ఉచిత విద్యుత్ వచ్చాక ప్రభుత్వం పంపిణీ సంస్థలకు, అంటే డిస్కంలకు కట్టే సబ్సిడీకి ఈ అంచనాయే ఆధారం. అంచనా పెరిగితే సబ్సిడీ పెరుగుతుంది, సబ్సిడీ పెరిగితే కోతల వాదనకు బలం వస్తుంది. రాష్ట్రాల అదనపు అప్పుకు కేంద్రం విద్యుత్ సంస్కరణలను ముడిపెట్టాక ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకు మీటర్లు పెట్టి చూసింది, తెలంగాణ ససేమిరా అంది. మీటరు వెనకాలే బిల్లు వస్తుందన్న రైతు భయం న్యాయమైనదే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలవండి, ఆ రీడింగు పంచాయతీ గోడ మీద రాయండి అని కొందరం మొత్తుకున్నాం. మీటర్లు కావాలన్నవాళ్లకూ, వద్దన్నవాళ్లకూ అది రుచించలేదు. అంచనాలో ఉన్న వెసులుబాటు గోడ మీది అంకెలో ఉండదు కదా!

ఇక నా మిత్రుల సంగతి. నమూనాలు కట్టే మిత్రులు ఈ అంచనానే డేటా పేరుతో దించుకుని, దశాంశం తర్వాత నాలుగంకెల దాకా ఫలితాలు చెబుతున్నారు. మన సంఘం పత్రికలోనే అలాంటి వ్యాసం వచ్చింది. రచయిత ముందు వరసలోనే ఉన్నారు కనుక పేరు చెప్పను. అభ్యుదయ మిత్రులకూ ఒక మాట. ప్రపంచ బ్యాంకు వ్యతిరేక నినాదం నేనూ ఇచ్చినవాణ్ణే. టారిఫ్ ఉత్తర్వు అనుబంధాలు తెరవకుండా ఇచ్చే నినాదం అవతలివాళ్లకు ఇబ్బంది కలిగించదు. కమ్యూనిస్టు నేత సుందరయ్య గారు పార్టీ, పోరాటం రెండూ మోస్తూనే 1970లలో అనంతవరం ఊళ్లో ఇంటింటి సర్వే చేయించారు. పరిశోధకులు రామచంద్రన్, రావల్, మధుర స్వామినాథన్ 2005-06లో అదే ఊరికి తిరిగి వెళ్లగలిగారంటే పోల్చుకోవడానికి అక్కడొక పాత లెక్క ఉండబట్టే.

ఇది పంపుసెట్లతో ఆగే విషయం కాదు. ఉపాధి సర్వే నివేదికను తొక్కిపెట్టారని 2019 జనవరిలో జాతీయ గణాంక సంఘం నుంచి మోహనన్, మీనాక్షి తప్పుకున్నారు. 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలు విడుదల చేయబోమని అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. 2018లో, 2023లో లోక్‌సభ కేంద్ర బడ్జెట్ పద్దులన్నిటినీ గిలెటిన్ చేసి, అంటే చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టి ఆమోదించింది. కార్పొరేషన్ల పేరిట తెచ్చిన అప్పులు మన రెండు రాష్ట్రాల శాసనసభల బడ్జెట్ పుస్తకాల్లో ఎంతవరకు కనిపించాయో మీకే తెలుసు. పేదలను లెక్కించడం ఆపేస్తే పేదరికం మీద వాదన ఆగిపోతుంది. ఆపైన ఏది కోసినా అడగడానికి మన దగ్గర ఆధారం మిగలదు. ప్రజాస్వామ్యానికి ముప్పు అంటే మనం ఎన్నికల సంఘం దాకా పరుగెత్తుతాం. ముందు గణాంక కార్యాలయం గడప దగ్గర ఆగి చూడాలి.

రెండు ప్రతిపాదనలు చేసి ముగిస్తాను. రెండు దశాబ్దాలకు పైగా రైతులు, కార్మిక సంఘాలు, పాత్రికేయులు నియంత్రణ మండళ్లకు తెలుగులో సమర్పించిన అభ్యంతరాలు ఫైళ్లలో చివికిపోతున్నాయి. తెలుగులో వచ్చిన రాజకీయార్థశాస్త్రంలో అంతకంటే నిక్కమైన భాగం నాకు తెలియదు. వాటిని సేకరించి అచ్చు వేసే బాధ్యత ఈ సంఘం తీసుకోవాలి. రెండోది, ఏటా జరిగే విచారణకు ప్రతి జిల్లా శాఖ నుంచి ఒక్కరైనా అభ్యంతరం దాఖలు చేయాలి. ఆ అభ్యంతరాన్నే పరిశోధన పత్రంగా ఇక్కడ స్వీకరించాలి. రేపటి కార్యవర్గ సమావేశంలో వీటిని తీర్మానాలుగా పెడుతున్నాను. వ్యతిరేకించేవారు వ్యవసాయ వినియోగం అనుబంధం చదివి రావాలని మనవి.