కొట్లు నిండిన వేళ పర్ణశాల



యూదులు తమ సమాజమందిరాలలో ఆదికాండము మొదలు ద్వితీయోపదేశకాండము వరకు గల ఐదు గ్రంథములను 54 భాగాలుగా చేసి, వారం వారం వరుసగా చదివి సంవత్సరములో ముగిస్తారు. పండుగ వచ్చినప్పుడు దానికి తగిన భాగము చదువుతారు. పర్ణశాలల పండుగ మొదటి దినమున చదివేది లేవీయకాండము 23వ అధ్యాయము. ఈ దినము మన ధ్యానము కూడా అదే.

ఈ పండుగ ఏడవ నెల 15వ దినమున మొదలవుతుంది. ఏడు దినములు ఇల్లు విడిచి, కొమ్మలు కప్పిన పర్ణశాలలో నివసించాలి. ఐగుప్తునుండి విడిపించి దేవుడు తమ పితరులను ఎలా నడిపించాడో పిల్లలు తెలిసికొనాలని ఆ నియమము.

అయితే ఒక సంగతి గమనించండి. ఐగుప్తునుండి బయలుదేరింది మొదటి నెలలో. మరి పర్ణశాలల జ్ఞాపకము ఏడవ నెలలో ఎందుకు? 39వ వచనము చూడండి. పంట ఇంటికి చేరిన తరువాతనే ఈ పండుగ! కొట్లు నిండాయి, రైతు నిశ్చింతగా ఇంట్లో కూర్చునే సమయము. సరిగ్గా అప్పుడే దేవుడు అతనిని బయటికి పిలిచి ఆకుల క్రింద కూర్చోబెట్టాడు. కష్టములో దేవుని తలంచనివారు తక్కువ. కడుపు నిండినప్పుడే మరపు వస్తుంది. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే చేసిన హెచ్చరిక ఇదే.

పర్ణశాలకు యూదుల పెద్దలు కొన్ని నియమాలు పెట్టారు. కప్పు నేలలో మొలిచినవాటితోనే వేయాలి. చెట్టు క్రిందగాని, మరొక కప్పు క్రిందగాని కట్టకూడదు. ఎండకంటె నీడ ఎక్కువ ఉండాలి, అయినా రాత్రి నక్షత్రాలు కనబడేటట్లు కప్పడం మంచిదంటారు. తన కప్పు పలుచనైనప్పుడే మనిషికి ఆకాశము కనబడుతుంది, ప్రియులారా!

ఇంకొక మాట. ద్వితీయోపదేశకాండము 16:14 ప్రకారము ఈ పండుగ సంతోషములో దాసుడు, దాసి, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు అందరికీ పాలు ఉంది. అరణ్యములో ఎవరికి మేడ ఉంది? ఆకుల క్రింద యజమానుడు, కూలివాడు ఒక్కటే.

మనమూ కోత పండుగ చేసుకుంటాము. ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు ప్రభువు సన్నిధికి తెస్తాము. మంచిదే. కాని ఆ చేను కోసిన కూలీకి కూలి ముట్టిందా? కొత్త ఇల్లు కట్టి గృహప్రతిష్ఠ చేసినప్పుడు, ఇటుకలు మోసిన అమ్మకు భోజన పంక్తిలో చోటు దొరికిందా? దొరకకపోతే, మన కప్పు మరీ మందమైపోయిందన్నమాట.

యోహాను 1:14లో, వాక్యము మన మధ్య నివసించాడని చెప్పేచోట, గ్రీకు మూలములో గుడారము వేసికొనుట అనే అర్థముగల మాట ఉంది. మహిమలోనుండి ఆయనే మన పాకలోనికి దిగివచ్చాడు. మనము మన గుమ్మము దిగి పొరుగువాని దగ్గరకు వెళ్లలేమా?

ఈ వారము ఒక సాయంత్రము టీవీ కట్టేసి, పిల్లలతో ఆరుబయట కూర్చోండి. దేవుడు మిమ్మును ఎక్కడనుండి తెచ్చాడో, ఏ పూరింటిలో, ఏ అద్దె గదిలో కాపాడాడో వారికి చెప్పండి. ఇవ్వవలసిన కూలి ఉంటే, ముందు అది ఇచ్చి వచ్చి కూర్చోండి.

ప్రార్థించుకుందాము. ప్రభువా, నిండిన దినములలో నిన్నును, నీ బీదలను మరువని హృదయము మాకు దయచేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.