ప్రేమకథలో కట్నం లెక్క

జార్జెట్ హేయర్ చారిత్రక ప్రేమనవల ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ 1961లో వచ్చింది. (మన వరకట్న నిషేధ చట్టం వచ్చిన ఏడాదే!) కథ 1814-15 నాటి ఇంగ్లండ్‌ది. అప్పుల్లో కూరుకుపోయిన ప్రభువంశీకుడు ఆడమ్, మనసు ఇంకొకామె మీదున్నా, ఎస్టేటు నిలుపుకోడానికి సంపన్న వర్తకుడి కూతురు జెన్నీని చేసుకుంటాడు. ఆమె అతన్ని ముందునుంచే ప్రేమించింది.

దీన్ని భిన్న వర్గాల మధ్య ఆకర్షణ అంటే నాకు మింగుడుపడదు. నాకు కనబడేది జెన్నీ చాకిరీ: ఇల్లు చక్కదిద్దడం, అతని ఇష్టాలు కనిపెట్టి మసలుకోవడం. ఆనాటి చట్టం ప్రకారం, విడిగా ట్రస్టు రాయించకపోతే భార్య డబ్బూ నగలూ భర్తవే. సొంత ఆస్తిని తన పేరనే ఉంచుకునే హక్కు అక్కడి భార్యలకు 1882 చట్టంతోగానీ రాలేదు.

తన మీద అతనికి మోహం లేదని జెన్నీకి చివరిదాకా తెలుసు. హేయర్ ఆ సంగతి దాచలేదు. అందుకే ఈ నవలను కాలక్షేపం సరుకని నేను కొట్టిపారెయ్యలేను.