చెన్నపురి వానకారు

తల్లిదండ్రులారా! మన పిల్లలు వాచకమున శ్రావణ భాద్రపదములు వర్షర్తువని చదువుచున్నారు. ఈ పట్టణమున గొడుగులు విప్పునది మాత్రము ఆశ్వయుజ కార్తికములందు. వాచకము తప్పు గాదు, అది గోదావరి తీరపు వాన. నెల్లూరివారికి మన వాన క్రొత్త గాదు.

నైరుతి పవనములు తమ నీటిని చాలవరకు పడమటి కనుమలకే సమర్పించి, మనకు సాయంకాలపు ఉరుముల వానలను మిగుల్చును. అక్టోబరులో గాలి మరలి, ఈశాన్యమునుండి బంగాళాఖాతపు తేమను మోసికొనివచ్చును. ఏడాదికి కురియు సుమారు 1,400 మిల్లీమీటర్లలో సగమునకు మించి డిసెంబరులోపల ఆ మూడు నెలలదే. అదియు కొద్దిపాటి వాయుగుండముల దయ! 2015 డిసెంబరులో అడయారు పొంగి ఇండ్లు మునిగినవి. 2018లో ఈ వాన తప్పగా, 2019 వేసవిలో పూండి, చెంబరంబాక్కం చెరువులెండి, బిందెలతో నీటి లారీలకై వేచితిమి.

2003 నుండి ప్రతి ఇంటికిని విధియైన ఇంకుడుగుంతలో ఆకులు, మట్టి నవరాత్రులకు ముందే తీయింపుడు. ఆ పనిలో పిల్లలను దగ్గర నిలుపుకొనుడు.